చేత్తో చేసిన క్రిస్మస్ కానుక: ఖర్చు తగ్గిందా, చేతులు మారిందా?

డిసెంబరు వచ్చేసింది. అవనిగడ్డలో షాపుల ముందు స్టార్లు వేలాడుతున్నాయి. చర్చిల్లో సెమీ క్రిస్మస్‌లు మొదలయ్యాయి. చీకటి పడితే క్యారల్స్ వాళ్లు గిటారు, డప్పు పట్టుకుని వీధి వీధీ తిరుగుతున్నారు. ఇళ్లల్లో మాత్రం ఇంకో పని నడుస్తోంది. కాగితం, పెన్ను, లెక్క.

అమ్మానాన్నలకి బట్టలు, పిల్లలకి బట్టలు, అత్తయ్యకి చీర, పెదనాన్నకి పంచె, మేనకోడలికి ఏదో ఒకటి. కొత్త అల్లుడు ఉంటే అది వేరే పద్దు. పాస్టరమ్మగారిని మర్చిపోతే బాగోదు. కూడితే నెల జీతం చాలదు. "ఈసారి ఏమైనా చేత్తో చేసి ఇద్దాం" అని ఎవరన్నా అంటే, "కొనలేక చేశారనుకుంటారే" అని ఇంకొకళ్లు అంటారు. అక్కడితో ఆ మాట ఆగిపోతుంది. చివరికి ఎవరో ఒకరి దగ్గర చేబదులు తెచ్చి చీరలు కొంటారు.

అందుకే ఇవాళ రెండు ప్రశ్నలు తీసుకుందాం. ఒకటి: కానుక అంటే కొన్నదే అయ్యుండాలని ఎప్పటి నుంచి అయింది? రెండు: చేత్తో చేస్తే ఖర్చు తగ్గుతుందంటాం కదా, నిజంగా తగ్గుతుందా, లేక ఆ ఖర్చు ఇంట్లో ఇంకొకళ్ల మీదకి జరుగుతుందా? ఈ రెండో ప్రశ్నకి జవాబు మనకి దగ్గరలోనే, నరసాపురంలో దొరుకుతుంది. కానీ ముందు బందరు నుంచి మొదలుపెడదాం.

బందరులో బడి, లండన్‌లో కార్డు

చర్చి మిషనరీ సొసైటీ తరఫున రాబర్ట్ నోబుల్, హెన్రీ వాట్సన్ ఫాక్స్ అనే ఇద్దరు 1841లో మచిలీపట్నం వచ్చారు. రెండేళ్లకి, 1843లో, నోబుల్ అక్కడ ఇంగ్లీషు బడి తెరిచాడు. తర్వాత నోబుల్ కాలేజీ అయింది అదే. కృష్ణా జిల్లాలో "మా తాతగారు నోబుల్ కాలేజీ" అని గొప్పగా చెప్పుకునే కుటుంబాలు మీకు తెలిసే ఉంటాయి.

సరిగ్గా ఆ 1843లోనే లండన్‌లో ఇంకో సంగతి జరిగింది. హెన్రీ కోల్ అని ఒక పెద్ద ఉద్యోగి. బాగా బిజీ మనిషి. క్రిస్మస్‌కి బంధుమిత్రులందరికీ ఉత్తరాలు రాయాలి, తీరిక లేదు. జాన్ కాల్కాట్ హార్స్లీ అనే చిత్రకారుడి చేత ఒక బొమ్మ వేయించి, వెయ్యి కార్డులు అచ్చు వేయించాడు. తనకి కావలసినవి వాడుకోగా మిగిలినవి ఒక్కోటి ఒక షిల్లింగుకి అమ్మకానికి పెట్టారు. బజార్లో అమ్మిన మొదటి క్రిస్మస్ కార్డు అదే అని చెబుతారు. చార్లెస్ డికెన్స్ రాసిన 'ఎ క్రిస్మస్ క్యారల్' కూడా అదే ఏడాది డిసెంబరులో వచ్చింది.

షిల్లింగు అంటే ఎంత అన్నది చూడాలి. ఆ రోజుల్లో దక్షిణ ఇంగ్లండ్‌లో పొలం పనికి వెళ్లే మనిషికి వారం కూలి పది షిల్లింగుల లోపే. ఆరు రోజుల పని అనుకుంటే రోజుకి ఒకటిన్నర షిల్లింగు దగ్గర పడుతుంది. అంటే ఒక్క కార్డు కోసం సగం రోజు పైగా పొలంలో వంగి పని చెయ్యాలి. కూలి మనిషి దాన్ని కొనే ప్రశ్నే లేదు. తీరిక లేకుండా డబ్బు మాత్రం ఉన్నవాళ్ల కోసం పుట్టిన వస్తువది. తన టైం బదులు డబ్బు పెట్టాడు హెన్రీ కోల్. ఈ మాట గుర్తుపెట్టుకోండి, మళ్లీ దీని దగ్గరికి వస్తాం.

మరి దానికి ముందు? ఇంగ్లండ్ బడి పిల్లలకి ఒక అలవాటు ఉండేది. పెద్ద కాగితం, అంచుల చుట్టూ అచ్చువేసిన బొమ్మలు, మధ్యలో ఖాళీ. ఆ ఖాళీలో ఏడాదంతా నేర్చుకున్న దస్తూరీతో, ఒక్క కొట్టివేత లేకుండా రాసి, క్రిస్మస్ సెలవులకి ఇంటికి తెచ్చి అమ్మానాన్నల చేతిలో పెట్టేవాళ్లు. దాన్ని 'క్రిస్మస్ పీస్' అనేవాళ్లు. "మీరు పెట్టిన ఫీజు వృథా కాలేదు నాన్నా" అని చెప్పడమే ఆ కానుక. కాగితం ఖరీదు కొద్దిగానే. అందులో ఉన్నది పిల్లాడి ఏడాది కష్టం.

లెక్కల క్లాసులో పుట్టిన స్టారు

ఇప్పుడు మన గుమ్మాలకి వేలాడే స్టారు సంగతి చూద్దాం. క్రిస్మస్ స్టార్ల చరిత్రలో బాగా పేరున్నది జర్మనీ వాళ్లది. నీస్కీ అనే ఊళ్లో మొరేవియన్ క్రైస్తవుల హాస్టల్ స్కూలు ఉండేది. 1830ల్లో అక్కడ పిల్లలకి జ్యామితి నేర్పడానికి కాగితంతో చాలా కోణాల నక్షత్రం చేయించారు. పిల్లలు లెక్క నేర్చుకున్నారు, దీపం పెట్టి వేలాడదీశారు, ఇళ్లకి తీసుకెళ్లారు, అక్కడ చుట్టాలకి నేర్పారు. 1880 ప్రాంతంలో పీటర్ వెర్బెక్ అనే ఆయన వాటిని చేసి అమ్మడం మొదలుపెట్టాడు. అంటే మొదటి యాభై ఏళ్లు దానికి రేటు లేదు. క్లాసులో నేర్చుకుని ఇంట్లో చేసుకునేదే.

మన కోస్తా స్టారు ఆకారం వేరు. అయిదు కోణాలు, వెదురు బద్దలు, రంగు కాగితం. ఇది కూడా జ్యామితే. ఒకే పొడవున్న బద్దలు పది కావాలి. అయిదు బద్దలతో ఒక నక్షత్రం, ఇంకో అయిదుతో అచ్చం అలాంటిదే రెండోది. రెండింటినీ ఒకదాని మీద ఒకటి పెట్టి, అయిదు కొసల దగ్గర దారంతో గట్టిగా కట్టాలి. తర్వాత లోపల బద్దలు దాటుకునే అయిదు చోట్లా, రెండు నక్షత్రాల మధ్యలో బెత్తెడు పుల్లలు దూర్చాలి. అప్పుడు మధ్యలో ఉబ్బుతుంది, స్టారుకి పొట్ట వస్తుంది. బద్దల పొడవుల్లో తేడా వస్తే మాత్రం స్టారు ఒక పక్కకి వాలిపోతుంది. మైదా ఉడకబెట్టిన జిగురుతో రంగు కాగితం అంటించి, లోపల చిన్న ఎల్‌ఈడీ బల్బు పెడితే సరి. పాత రకం వేడి బల్బు పెట్టకండి, కాగితం అంటుకుంటుంది.

ఇప్పుడు ప్లాస్టిక్ స్టారు రెడీమేడ్‌గా దొరుకుతుంది. అది కొంటే తప్పేం లేదు. కానీ ఊళ్లో ఒంటరిగా ఉంటున్న మామ్మగారి గుమ్మానికి మనవడు వెదురు స్టారు కట్టి ఇస్తే, దారిన పోయేవాళ్లంతా "ఎవరు చేశారు మామ్మా?" అని అడుగుతారు. ఆవిడకి నెలంతా చెప్పుకోవడానికి ఒక మాట ఉంటుంది.

ఇష్టం పోయి తప్పనిసరి వచ్చింది

కార్డులు, బొమ్మలు, దుకాణాలు పెరిగాక ఏమైంది? అరవై డెబ్బై ఏళ్లలో వ్యవహారం ఎక్కడికి వెళ్లిందో చూడండి. న్యూయార్క్‌లో పెద్ద పెద్ద దుకాణాల్లో పనిచేసే అమ్మాయిలు తమ కొద్దిపాటి జీతంలోంచి చందాలు వేసుకుని పై అధికారులకి క్రిస్మస్ కానుకలు ఇవ్వాల్సి వచ్చేది. ఇవ్వకపోతే బాగోదు. ఈ ఒత్తిడి మీద 1912లో ఒక సంఘం పెట్టారు. పేరు తెలుగులో చెప్పాలంటే 'పనికిరాని కానుకల నివారణ సంఘం'. ముద్దుగా 'స్పగ్' అనేవాళ్లు. ఎలియనార్ బెల్మాంట్, బ్యాంకర్ జె.పి. మోర్గన్ కూతురు అన్ మోర్గన్ దీన్ని నడిపారు. మాజీ అధ్యక్షుడు థియోడర్ రూజ్‌వెల్ట్ కూడా సభ్యుడిగా చేరాడు. కానుకలు వద్దని కాదు వాళ్లు చెప్పింది. బలవంతపు కానుకలు వద్దన్నారు.

"ఇవ్వకపోతే బాగోదు" అనే మాట మనకి కొత్తా చెప్పండి? ఆఫీసుల్లో సీక్రెట్ శాంటా నుంచి అత్తారింటి చీర దాకా సగం కొనుగోళ్లు ఆ మాట మీదే నడుస్తాయి.

ఆర్థికశాస్త్రం వాళ్లు కూడా దీన్ని వదల్లేదు. 1993లో జోయెల్ వాల్డ్‌ఫోగెల్ అనే అమెరికన్ ఒక వ్యాసం రాశాడు. విద్యార్థులని పిలిచి, "మీకొచ్చిన కానుకల ధర ఎంత ఉంటుంది? అభిమానం సంగతి పక్కన పెట్టి, ఆ వస్తువుకి మీరైతే ఎంత పెడతారు?" అని అడిగాడు. ఇచ్చినవాళ్లు పెట్టిన డబ్బులో పదో వంతు నుంచి మూడో వంతు దాకా వృథా అని తేలింది. స్నేహితులు ఇచ్చినవాటిలో వృథా తక్కువ. దూరపు చుట్టాలు, అత్తయ్యలు, బాబాయిలు, అమ్మమ్మ తాతయ్యలు ఇచ్చినవాటిలో ఎక్కువ. ఎందుకంటే వాళ్లకి మన ఇష్టాలు అంత తెలియవు. ఆ సంగతి వాళ్లకే తెలుసు కాబట్టి, వస్తువు బదులు డబ్బు ఇచ్చేవాళ్లు కూడా వాళ్లలోనే ఎక్కువ. గుమ్మం దగ్గర మన చేతిలో నోటు పెట్టి పిడికిలి మూసే తాతయ్య ఏ పుస్తకం చదవకుండానే ఆ వ్యాసం సారాంశం గ్రహించాడు!

అయితే ఆ ప్రశ్నలో ఒక ముక్క ఉంది చూశారా, "అభిమానం సంగతి పక్కన పెట్టి" అని. చేత్తో చేసిన కానుకలో ఉండేదే ఆ పక్కన పెట్టిన ముక్క. కాబట్టి ఆ వ్యాసం మనకి చెప్పేది ఇదీ: కానుక వృథా అయ్యేది ఖరీదు తక్కువైనందుకు కాదు, అవతలి మనిషి మనకి తెలియనందుకు.

ఖాళీ గిన్నె తిరిగి వెళ్లదు

ఇక మన ఇళ్లకి వద్దాం. మన దగ్గర చేతి కానుక మిషనరీలతో రాలేదు. సారె ఎప్పటి నుంచో ఉంది. ఆడపిల్లని అత్తారింటికి పంపేటప్పుడు చలిమిడి, అరిసెలు, లడ్లు కట్టి పంపుతారు. వాటిని అత్తారి వీధిలో ఇంటింటికీ పంచుతారు. అరిసె తిన్నవాళ్లు పిల్ల పుట్టింటి గురించి ఒక మాట అనుకుంటారు. క్రైస్తవం వచ్చాక పండగ మారింది, మూకుడు మారలేదు. క్రిస్మస్‌కి మన ఇళ్లల్లో కేకు ఉంటుంది, దాని పక్కనే అరిసెలు, కజ్జికాయలు, చక్రాలు కూడా ఉంటాయి. ఆ పళ్లెం పక్కింటి హిందువుల ఇంటికి, ఎదురింటి ముస్లింల ఇంటికి వెళుతుంది. ఖాళీ గిన్నె తిరిగి పంపకూడదంటారు కదా. డిసెంబరు 25న వెళ్లిన పళ్లెం మూడు వారాలు తిరక్కుండా, సంక్రాంతికి, నిండుగా వెనక్కి వస్తుంది.

బందరు లడ్డూనే తీసుకోండి. 2017లో భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది దానికి. శనగపిండితో కారప్పూసలాగా వేయించి, దాన్ని దంచి, బెల్లం పాకం, నెయ్యి కలిపి మళ్లీ మళ్లీ దంచి కట్టేది కాబట్టే తొక్కుడు లడ్డూ అన్నారు. అందులో సరుకుల ఖరీదు ఒక ఎత్తు, దంచిన చేతుల కష్టం ఒక ఎత్తు.

పెడన కలంకారీ కూడా అంతే. బట్టని కరక్కాయ నీళ్లలో ముంచాలి. తుప్పు పట్టిన ఇనుప ముక్కలు, బెల్లం కలిపి నానబెట్టి నలుపు తియ్యాలి. ఎరుపు కోసం పటిక అద్దాలి. పారే నీళ్లలో ఉతకాలి, రంగు ఉడికించాలి, ఎండబెట్టాలి. డచ్చివాళ్లు, 1611లో ఇంగ్లీషువాళ్లు బందరులో కోఠీలు పెట్టింది ఈ అద్దకం బట్టల వ్యాపారం కోసమే. ఇవాళ ఇంట్లో మిగిలిన కలంకారీ ముక్క ఉంటే పారెయ్యకండి. బైబిలుకి తొడుగు, కళ్లజోడుకి సంచి, అత్తయ్య కుట్టు సామాను పెట్టుకునే చిన్న సంచి, ఒక మధ్యాహ్నం పని.

కొన్నేళ్ల క్రితం ప్రభుత్వం రేషన్ షాపుల్లో చంద్రన్న క్రిస్మస్ కానుక అని ఒక సంచి ఇచ్చింది గుర్తుందా? అందులో ఏమున్నాయి? గోధుమపిండి, కందిపప్పు, శనగపప్పు, బెల్లం, నూనె, నెయ్యి. తయారైన మిఠాయి ఒక్కటీ లేదు, అన్నీ సరుకులే. అవి పండగగా మారాలంటే ఎవరో ఒకరు పొయ్యి ముందు నిలబడాలి.

ఆ ఎవరో ఒకరు ఎవరు? ఇక్కడికే రావాలనుకున్నాను.

నరసాపురం లేసు చెప్పిన లెక్క

బందరు నుంచి 216 జాతీయ రహదారి పట్టుకుని ఈశాన్యంగా వెళితే నరసాపురం వస్తుంది. 19వ శతాబ్దంలో మిషనరీ కుటుంబాలు గోదావరి జిల్లాల్లో క్రైస్తవంలోకి వచ్చిన పేద స్త్రీలకి క్రోషియా లేసు అల్లడం నేర్పాయి. మొదట్లో ఆ లేసులు విదేశాల్లో ఉన్న దాతలకి, తెలిసినవాళ్లకి వెళ్లేవి. తర్వాత అది ఎగుమతి వ్యాపారం అయింది. వేల ఇళ్లల్లో, క్రైస్తవులు కాని కుటుంబాల్లో కూడా, ఆడవాళ్లు అరుగుల మీద కూర్చుని అల్లారు. నరసాపురం, పాలకొల్లు చుట్టుపక్కల అల్లిన లేసు యూరప్, అమెరికాల్లో భోజనాల బల్లల మీదకి చేరింది. చేత్తో చేసినది అని ముచ్చటపడి కొనుక్కున్నారు, కానుకలిచ్చుకున్నారు.

1970ల ఆఖర్లో మరియా మీస్ అనే జర్మన్ సామాజిక శాస్త్రవేత్త ఇక్కడికి వచ్చి ఈ ఆడవాళ్ల దగ్గర కూర్చుని లెక్క రాసుకుంది. 1982లో 'ది లేస్ మేకర్స్ ఆఫ్ నర్సాపూర్' అనే పుస్తకం వచ్చింది. ఆమె చూసింది ఏమిటంటే, ఇంటి పని అంతా చేసుకుని, ఆ పైన రోజుకి ఆరు నుంచి ఎనిమిది గంటలు లేసు అల్లుతున్నారు. వచ్చే డబ్బు పొలం కూలీకి వచ్చే దానికన్నా కూడా తక్కువ. వ్యాపారం చేసిన మగవాళ్లు బాగుపడ్డారు. ఈ తేడా ఎలా సాధ్యమైంది? వీళ్లని ఎవరూ పనివాళ్లు అనలేదు. "ఇంట్లో ఉండే ఆడవాళ్లు, తీరిక వేళల్లో ఏదో అల్లుకుంటారు" అన్నారు. తీరిక అన్న ఆ ఒక్క మాటతో ఎనిమిది గంటలు లెక్కలోంచి మాయమైపోయాయి.

ఇప్పుడు మన వంటింటికి రండి. అరిసెలు చెయ్యాలంటే ముందు రోజే బియ్యం నానబెట్టాలి. వడకట్టి, తడి ఆరకముందే మరకి తీసుకెళ్లాలి. పిండి జల్లించాలి. బెల్లం పాకం పట్టాలి. నీళ్లలో వేస్తే మెత్తటి ఉండ కట్టేదాకా పొయ్యి వదలకూడదు, నిమిషం దాటితే అరిసె రాయి అవుతుంది. వేడి పాకంలో ఒకరు పిండి పోస్తుంటే ఒకరు కలపాలి. ఒకరు తట్టి నూనెలో వెయ్యాలి, ఒకరు రెండు చెక్కల మధ్య పెట్టి నొక్కాలి. నలుగురి పని ఇది. "ఈసారి కొనద్దు, ఇంట్లోనే చేద్దాం, డబ్బు మిగులుతుంది" అని ఇంట్లో ఎవరైనా అన్నప్పుడు, ఆ నలుగురి పని ఎవరు చేస్తున్నారు? చాలా ఇళ్లల్లో అమ్మ ఒక్కతే, లేదా అమ్మా వదినా. డబ్బు మిగిలింది నిజమే. రెండు రోజులు వాళ్ల నడుము పోయింది, అది ఏ పద్దులోనూ రాయలేదు.

ఇందాక హెన్రీ కోల్ గురించి గుర్తుపెట్టుకోమన్నాను కదా. ఆయన టైం బదులు డబ్బు పెట్టాడు. మనం డబ్బు బదులు టైం పెడతామంటున్నాం. మంచిదే. కానీ ఎవరి టైం? ఇస్తున్న మనిషి టైం అయితే అది కానుక. పేరు నాది, శ్రమ అమ్మది అయితే, ఆ కానుక ఇచ్చింది అమ్మ. నేను మోసుకెళ్లానంతే.

సాఫ్ట్‌వేర్ ఉద్యోగంలో మా చేత ఒక పని తప్పకుండా చేయించేవాళ్లు. ఏ పని మొదలుపెట్టినా ముందు, ఎన్ని గంటలు, ఎవరి గంటలు అని పట్టిక రాయాలి. క్రిస్మస్ కానుకలకి కూడా అదే చెయ్యండి. ఉదాహరణకి ఎనిమిది ఇళ్లు, మొత్తం పన్నెండు వందల రూపాయలు అనుకుందాం. ఇంటికి నూట యాభై. ఒక గడిలో రూపాయలు రాయండి, పక్క గడిలో గంటలు రాయండి, మూడో గడిలో ఆ గంటలు ఎవరివో పేరు రాయండి. మూడో గడిలో అన్ని వరసల్లో ఒకే పేరు వచ్చిందంటే ఆ ప్లాన్ ఖర్చు తగ్గించింది కాదు, ఖర్చుని ఒక మనిషి మీదకి తోసింది. అప్పుడు పని పంచండి. పిండి మరకి అన్నయ్య తీసుకెళ్లాలి, చెక్కల నొక్కుడు బావగారు పట్టాలి, డబ్బాలకి పేర్లు పిల్లలు రాయాలి. లేదా వంటకం మార్చండి. అరిసెల బదులు సున్నుండలు: మినుములు వేయించి, పిండి పట్టించి, బెల్లం, నెయ్యి కలిపి ఉండ కట్టడమే. ఒక్కరే ఒక సాయంత్రంలో చెయ్యగలరు, వారం పది రోజులు నిలవ ఉంటాయి. ఒకటి రెండు ఇళ్లకి కొనేసినా పర్వాలేదు, ఆ మధ్యాహ్నం అమ్మ పడుకుంటుంది.

నలభై రూపాయల నోటుబుక్కు

చివరిగా ఒక్క కానుక చెబుతాను. ఇది మన దివిసీమకి ప్రత్యేకం.

1977 నవంబరు 19, శనివారం. ఉప్పెన. ప్రభుత్వ లెక్కల్లోనే దాదాపు పది వేల మంది పోయారు. సముద్రం కోడూరు, నాగాయలంక వైపు ఊళ్ల మీదకి వచ్చేసింది. మన పెద్దవాళ్లు ఇప్పటికీ కాలాన్ని "ఉప్పెనకి ముందు, ఉప్పెన తర్వాత" అని చెబుతారు. క్రిస్మస్ అప్పటికి 36 రోజుల దూరంలో ఉంది.

నీళ్లు మనుషులతో పాటు కాగితాలని కూడా తీసుకెళ్లాయి. పెళ్లి ఫొటోలు, స్థలం కాగితాలు, ఉత్తరాలు, మొదటి పేజీల్లో పుట్టినరోజులు, పెళ్లిరోజులు రాసుకున్న కుటుంబ బైబిళ్లు. తీరం పక్క ఎన్నో కుటుంబాలకి ఉప్పెన ముందటి చరిత్ర అంతా ఇప్పుడు మనుషుల జ్ఞాపకాల్లోనే ఉంది. అప్పుడు పదిహేనేళ్ల పిల్ల ఇప్పుడు అరవై దాటిన అమ్మమ్మ. అప్పుడు ముప్ఫై ఏళ్లవాళ్లు ఎంతమంది మిగిలారో మీ ఇంట్లోనే లెక్కపెట్టండి. ఈ జ్ఞాపకాలకి బ్యాకప్ లేదండీ.

కాబట్టి ఒక నలభై రూపాయల నోటుబుక్కు కొనండి. కలంకారీ ముక్కతో అట్ట వెయ్యండి. ఈ రెండు వారాల్లో రోజుకో అరగంట అమ్మమ్మ పక్కన కూర్చోండి. ఫోన్‌లో రికార్డు చెయ్యండి, తర్వాత రాయండి. ఉప్పెన గురించే మొదటి ప్రశ్న అడక్కండి. వాళ్లకి చెప్పాలనిపిస్తే వాళ్లే అక్కడికి వస్తారు. ముందు మామూలు సంగతులు అడగండి. మీ అమ్మగారి పేరేంటి? మీ ఇంటి గుమ్మం ఎటువైపు ఉండేది? క్రిస్మస్‌కి ఏం వండేవాళ్లు? కొత్త బట్టలు ఎవరు కుట్టేవారు? చర్చి గంట ఎంత దూరం వినపడేది? పెద్దమ్మమ్మ, చిన్న తాతయ్య అని పిలిచేవాళ్ల అసలు పేర్లేంటి? పేర్లు తప్పకుండా రాయండి. నోటుబుక్కు మొదటి పేజీలో వంశవృక్షం గియ్యండి, ఉప్పెనలో పోయినవాళ్ల పేర్లతో సహా. చివర్లో పది పేజీలు ఖాళీగా ఉంచండి, మిగతావాళ్లు రాసుకోవడానికి.

క్రిస్మస్ రోజు ఆ పుస్తకం ఆవిడ చేతిలో పెట్టండి. జిరాక్సులు తీయించి ఎనిమిది ఇళ్లకీ పంచండి. ఎనిమిది ఇళ్ల కానుక ఒక్క దెబ్బతో అయిపోయింది, జిరాక్సు ఖర్చుతో. పట్టికలో గంటల గడి నిండుతుంది, పేరు గడిలో మీ పేరే ఉంటుంది.

వాల్డ్‌ఫోగెల్ వచ్చి "అభిమానం సంగతి పక్కన పెట్టి దీనికి ఎంత ఇస్తారమ్మా?" అని అడిగితే ఆవిడ ఏమంటుందో ఊహించుకోండి. "నువ్వు ముందు కూర్చో బాబూ, అరిసె తిను" అంటుంది.

ఇదండీ ఇవాళ్టి ఎపిసోడ్. ఆ పట్టిక ఈ ఆదివారమే వేసుకోండి, ఆఖరి వారం దాకా ఆగితే మళ్లీ చీరల షాపుకే వెళ్తాం. వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం. ముందుగా అందరికీ క్రిస్మస్ శుభాకాంక్షలు. ఉంటానండీ.